కాదని అయినా చెప్పండి!

హైదరాబాద్‌లో ముప్పై అంతస్తుల టవర్ కడతానని దరఖాస్తు పెట్టినవాడికి ప్రభుత్వం ఇచ్చిన మాట 21 రోజులు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఆ మాట ఇచ్చింది. 21 రోజుల్లోగా అనుమతి ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వడం లేదో చెప్పాలి. రెండూ చెయ్యకపోతే అనుమతి వచ్చినట్టే. చాలా మంచి చట్టం. కోట్లు పెట్టుబడి పెట్టినవాడు ఆఫీసుల చుట్టూ తిరగకూడదు కదా!

అదే 2020లో, అదే పురపాలక శాఖకు, మా చిన్నక్క వెయ్యి రూపాయలు కట్టి ఒక దరఖాస్తు పెట్టుకుంది. 60 గజాల ప్లాటు. దాన్ని లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్ కింద క్రమబద్ధం చేస్తే ఇల్లు కట్టుకుంటానని. ఆ దరఖాస్తుకు 21 రోజుల లెక్క ఎవరూ పెట్టలేదు. ఇన్నాళ్ళలో తేల్చకపోతే ఒప్పుకున్నట్టే అని ఎవరూ అనలేదు. ముఖ్యమంత్రి మారారు. కమిషనర్లు మారారు. అనుమతులిచ్చే ఆన్‌లైన్ పద్ధతి కూడా బీపాస్ పోయి బిల్డ్‌నౌ వచ్చింది. 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపేసినప్పుడు ఆమె ఫైలు ఉన్న మున్సిపాలిటీయే లేకుండా పోయింది. ఫైలు మాత్రం ‘పరిశీలనలో’ ఉంది.

నా కోపం కాదన్నందుకు కాదు. కాదంటే ఒక రాత్రి ఏడ్చి ఊరుకునేది. లేదా కోర్టుకు పోయేది, లేదా వచ్చిన కాడికి ఎవరికో అమ్ముకునేది. అవును అనరు, కాదు అనరు. ఏదో ఒకటి రాసివ్వండి మహాప్రభో అంటే, మనిషి ఎదురుగా నిలబడి ఉందన్న ధ్యాస కూడా లేకుండా ఫోను చూసుకుంటారు. ఆ చూసుకోవడం మీద నా కోపం.

ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఊరు అది. 2009లో కొన్నప్పుడు ఇంకా గ్రామ పంచాయతీ. అక్క బట్టలు కుడుతుంది. బావ గోదాంలో హమాలీ. చిట్టీ పాడి, రెండు గాజులు కుదువపెట్టి కొన్న నేల. వెడల్పు 15 అడుగులు, పొడవు 36. ఎవరిదో పొలాన్ని ముక్కలు చేసి, సున్నం గీతలు గీసి, నంబర్ల రాళ్ళు పాతి, ‘గ్రామ పంచాయతీ లేఔట్’ అని ముద్ర కొట్టిన బ్లూప్రింటు చేతిలో పెట్టి అమ్మారు. సొంతంగా లేఔటుకు అనుమతిచ్చే అధికారం తనకు లేదని సర్పంచికి తెలుసు. అమ్మినవాడికి తెలుసు. రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసుకూ తెలుసు. తెలియనిది డబ్బులిచ్చినవాళ్ళకే.

ఆ రోజు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరూ ఆమెను ఆపలేదు. స్టాంపు డ్యూటీ కట్టించుకున్నారు. ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. దస్తావేజులో ‘ప్లాటు నంబరు’ అని రాసి ఉంది. హద్దుల్లో ‘తూర్పు: 20 అడుగుల రోడ్డు’ అని రాసి ఉంది. అన్ని పేజీల మీదా ప్రభుత్వ ముద్ర ఉంది. ప్రభుత్వం దృష్టిలో ఆ రోజు అది ప్లాటే, అది రోడ్డే. డబ్బు తీసుకునే రోజు ఎప్పుడూ అది ప్లాటే. ఇల్లు కడతామని వెళ్ళిన రోజున మాత్రం ‘వ్యవసాయ భూమిలో అనధికారికంగా విడగొట్టిన ముక్క’ అవుతుంది. 2021లో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం కలిపి ఏడున్నర శాతానికి పెరిగింది. ఆ ఏడున్నరలో కొన్నవాడికి ఒక్క మాట చెప్పే బాధ్యత మాత్రం లేదు.

“అనుమతి లేని లేఔటులో ఎందుకు కొన్నారమ్మా?” టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడుగుపెడితే మొదట పడే ప్రశ్న ఇది. అడిగేవాడి గొంతులో ఒక న్యాయమూర్తి ఉంటాడు. ఎందుకు కొన్నదో చెప్తాను వినండి. అప్రూవ్డ్ వెంచర్ల బ్రోచర్లు తెచ్చుకుని చూడండి. 150 గజాలు, 167, 200, 267. అరవై గజాలు ఎక్కడుంది? బట్టలు కుట్టే మనిషి 200 గజాలు కొనగలిగితే మీ ఆఫీసుకు ఎందుకు వస్తుంది? భూమి ధర ఆకాశంలో ఉందంటే దాన్ని అక్కడికి ఎక్కించింది ఎవరు? 2023 ఆగస్టులో కోకాపేట భూములను ప్రభుత్వమే వేలం వేసింది. ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. గజం రెండు లక్షల పైమాట. మరునాడు పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. అంతంత ధరలు పలికించి మురిసిపోయిన సర్కారే, ఊరవతల అరవై గజాలు కొనుక్కున్నదాన్ని పట్టుకుని పద్ధతిగా ఎందుకు కొనలేదని నిలదీస్తుంది.

ఇంకో మాట. చిన్న ప్లాటు నేరమని చట్టం ఎక్కడా అనలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168 జీవో, అంటే మనం ఇప్పటికీ పట్టుకు వేలాడుతున్న భవన నిర్మాణ నిబంధనలు, 100 చదరపు మీటర్ల లోపు ప్లాటులో తక్కువ ఎత్తు ఇంటికి పక్కలకు సెట్‌బ్యాక్, అంటే వదలాల్సిన ఖాళీ, అడగవు. చిన్న వీధి అయితే ముందు మీటరున్నర వదిలితే చాలంటాయి. బీపాస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు మించని ఇంటికి అనుమతే అక్కర్లేదంది. ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలంది. 2020 నవంబరులో దాన్ని ఎంత ఆర్భాటంగా మొదలుపెట్టారో గుర్తుండే ఉంటుంది. రూపాయికే ఇల్లు! అక్క ఆ పేపరు ముక్క కత్తిరించి బీరువాలో దాచుకుంది.

తీరా చూస్తే ఆ రూపాయి చెల్లాలంటే ముందు ప్లాటు సక్రమమై ఉండాలి. సక్రమం కావాలంటే ఎల్‌ఆర్‌ఎస్ కావాలి. ఎల్‌ఆర్‌ఎస్ ఏమో పరిశీలనలో ఉంది.

ఈ ఎల్‌ఆర్‌ఎస్ కథ కొత్తది కాదు. 2007 డిసెంబరు 31న 902 జీవోతో ఒకసారి పెట్టారు. 2015 నవంబరులో 151 జీవోతో మళ్ళీ పెట్టారు. 2020 ఆగస్టు 31న 131 జీవోతో మూడోసారి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వరస, 2020 జనవరిలో ఒకటి, 2025లో ఇంకొకటి. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశమన్నారు. 2015లో బావ కాలు విరిగి మంచంలో ఉన్నాడు, కట్టలేకపోయారు. 2020లో ఎలాగైనా కట్టాలనుకున్నారు. గడువు మొదట అక్టోబరు 15 అన్నారు. సరిగ్గా 13 రాత్రి కుండపోత వాన పడి హైదరాబాద్ మునిగింది. చెరువుల్లో కట్టిన కాలనీలు నడుములోతు నీళ్ళలో ఉంటే, మీసేవ కేంద్రాల ముందు జనం తడుస్తూ దరఖాస్తులు పట్టుకు నిలబడ్డారు. తర్వాత నెలాఖరు దాకా పొడిగించారనుకోండి. మొత్తం 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తలా వెయ్యి రూపాయలు వేసుకున్నా 250 కోట్లు. ఒక్క ఫైలు తెరవక ముందే 250 కోట్లు!

ఆ తర్వాత కోర్టు కేసులన్నారు, మార్గదర్శకాలన్నారు, ఎన్నికలన్నారు. ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వాళ్ళు ‘పేదల రక్తం పిండుతున్నారు, ఉచితంగా చెయ్యండి’ అన్నారు. కుర్చీ ఎక్కాక ఆ గొంతే రాయితీ ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో, మార్చి 31లోగా కడితే 25 శాతం తగ్గిస్తామన్నారు. తర్వాత ఏప్రిల్ అన్నారు, మే అన్నారు, జూన్ అన్నారు. గడువు పొడిగించుకునే హక్కు వాళ్ళకు ఎన్నిసార్లయినా ఉంటుంది. ఆ ఉత్తర్వుల్లోనే ఇంకో ముచ్చట ఉంది. 2020 ఆగస్టు 26 నాటికి ఒక లేఔటులో కనీసం పది శాతం ప్లాట్లు అమ్ముడుపోయి ఉంటే, మిగతా ప్లాట్లకు అప్పట్లో దరఖాస్తు పెట్టకపోయినా ఇప్పుడు క్రమబద్ధం చేయించుకోవచ్చు. ఆ అమ్ముడుపోని ప్లాట్లు ఎవరివి? అనుమతి లేకుండా లేఔటు వేసినవాడివి. ముక్కలు చేసి అమ్మినవాడికి తలుపు తెరిచారు. కొన్నదాన్ని వరండాలో నిలబెట్టారు.

ఇక అక్క ఫైలు దగ్గరకు వస్తాను. ఎందుకు ఆగిందో మాకు ఎవరూ కాగితం మీద చెప్పలేదు. ఒక సాయంత్రం, ఆఫీసు ఖాళీ అయ్యే వేళ, దయగల గుమాస్తా ఒకాయన కంప్యూటరులో మ్యాపు తెరిచి చూపించాడు. 2013 జనవరిలో వచ్చిన మాస్టర్ ప్లాను. 2031 దాకా నగరం ఎలా పెరగాలో గీసిన బొమ్మ. అందులో ఆ సర్వే నంబరులో సగం ఆకుపచ్చగా ఉంది. “మీది రిక్రియేషన్ జోన్‌ల వడ్డదమ్మా” అన్నాడు. అంటే పార్కులూ ఆటస్థలాలూ ఉండాల్సిన చోటు. ఎల్‌ఆర్‌ఎస్ నిబంధనల్లో రిక్రియేషన్ జోన్‌కు క్రమబద్ధీకరణ లేదు.

కొన్నది 2009లో. ఆకుపచ్చ రంగు పడింది 2013లో. ముసాయిదా వేసి అభ్యంతరాలు అడిగాం కదా అంటారు. అడిగారు, నిజమే. వేల చదరపు కిలోమీటర్ల మ్యాపును ఆఫీసు గోడకు వేలాడదీసి, పేపర్లో ప్రకటన వేసి అడిగారు. ఆ మ్యాపు మీద అరవై గజాలు ఈగ కాలంత కూడా ఉండదు. రంగు పూసినవాడు ఆ చోటు చూడలేదు. చూసి ఉంటే అప్పటికే అక్కడ నాటిన నంబర్ల రాళ్ళు, లేచిన నాలుగైదు ఇళ్ళు కనిపించేవి.

పోనీ ఆకుపచ్చ పూశాక పార్కు వచ్చిందా? ఒక్క చెట్టు నాటలేదు. ఒక్క బెంచీ వెయ్యలేదు. ఆ ఆకుపచ్చలోనే రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు లేచింది. రాత్రి పన్నెండు దాకా డీజే. అదీ రిక్రియేషనే కాబోలు!

అసలు వింత ఇంకా చెప్పలేదు. అక్క ప్లాటుకు ఎదురు వరస ఇళ్ళ జోన్‌లో ఉంది. అదే లేఔటు, అదే బ్లూప్రింటు, మధ్యలో 20 అడుగుల మట్టి రోడ్డు. ఎదురింటావిడకు ఫీజు కట్టమని కాగితం వచ్చింది. అందులో క్రమబద్ధీకరణ రుసుము కాక, ప్లాటు విలువలో 14 శాతం అదనంగా వేశారు. ఎందుకంటే లేఔటులో పది శాతం ఖాళీ స్థలం వదల్లేదట. పార్కు లేనందుకు ఆమె దగ్గర డబ్బు. సర్కారు లెక్కలో గజం ఎనిమిది వేలు అనుకుంటే, అరవై గజాలకు నాలుగు లక్షల ఎనభై వేలు, దానిలో 14 శాతం 67,200. రోడ్డుకు ఆ పక్క పార్కు లేదని 67 వేలు వసూలు. రోడ్డుకు ఈ పక్క, నీ ప్లాటే పార్కు కాబట్టి ఇల్లు కట్టొద్దని ఆపడం. ఆ 67 వేలతో ఎక్కడైనా గజం భూమి కొని పార్కు చేస్తారా అంటే దానికీ జవాబు లేదు. ఈ పక్క నేలను పార్కు కోసం సేకరించి పరిహారం ఇస్తారా అంటే దానికీ లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

జోన్ మార్చమని అర్జీ పెట్టుకోవచ్చన్నాడు ఇంకొకాయన. ‘చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్’. పెట్టుకోవచ్చు. ఫంక్షన్ హాలు ఓనరు పెట్టుకోవచ్చు. అరవై గజాలకు అది ఎలా పెట్టుకోవాలో అడిగితే ‘సర్వే నంబరు వాళ్ళంతా కలిసి రండి’ అన్నాడు. అందులో సగం మంది అమ్మేసి వెళ్ళారు. ఇద్దరు చనిపోయారు. ఒకాయన గల్ఫ్‌లో ఉన్నాడు.

రోడ్డు సంగతి ఇంకో పురాణం. కాలనీలో రోడ్డు 30 అడుగులు ఉండాలి, మీది 20 కాబట్టి మీ వంతు ఐదడుగులు వదలండి అన్నాడొకాయన. వంద మీటర్ల లోపు చిన్న ప్లాట్లకు, బలహీన వర్గాల లేఔట్లకు 20 చాలు అన్నాడు పక్క సీటాయన. ఏది నిజమో రాసివ్వమంటే ఇద్దరూ రాయరు. మొదటాయన మాటే నిజమనుకుని లెక్క వేసుకుందాం. పదిహేను బై ముప్పై ఆరు, 540 చదరపు అడుగులు. రోడ్డుకు ఐదడుగులు పోతే 75 తగ్గింది. సెట్‌బ్యాక్ మరో ఐదడుగులు, ఇంకో 75. మిగిలింది 390. సర్కారు ఇచ్చే ఇందిరమ్మ ఇంటి సాయం రావాలంటే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. పది తక్కువ! పైన గది వేస్తే సరిపోతుంది కదా అనకండి. ఐదు లక్షల సాయంతో కింద గోడలు లేచి స్లాబు పడితేనే గొప్ప.

ఇందిరమ్మ అంటే గుర్తొచ్చింది. సర్వేకు వచ్చిన పిల్లవాడు ఫోనులో యాప్ తెరిచి, స్థలం ముందు అక్కను నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. జాబితా వచ్చింది. ఆమె పేరు ఎల్1లో ఉంది. ఎల్1 అంటే సొంత స్థలం ఉన్నవాళ్ళు. ఎల్2 అంటే స్థలమూ ఇల్లూ రెండూ లేనివాళ్ళు. ఒక శాఖ నీకు స్థలం ఉందంటుంది. కాబట్టి స్థలం లేనివాళ్ళకు ఇచ్చేది నీకు రాదంటుంది. ఇంకో శాఖ నీ స్థలం స్థలమే కాదంటుంది. కాబట్టి కట్టుకోవడానికీ లేదంటుంది. ఈ రెండు ఆఫీసులూ ఒకే ఆవరణలో ఉంటాయి. మధ్యలో ఒక టీ బండి.

లంచం అడిగినవాడి మీదనైనా ఇంత కోపం రాదు నాకు. వాడికి కనీసం మన పని గుర్తుంటుంది. ఏసీబీ వలలో టౌన్ ప్లానింగ్ అధికారి అన్న వార్త పేపర్లో తరచూ చూస్తూనే ఉంటాం. ఈ పట్టనితనం వేరు. దానికి ఏ వలా లేదు. దాని భాష కూడా వేరే. ‘షార్ట్‌ఫాల్ పెట్టినం.’ ఏం షార్ట్‌ఫాల్? లింకు డాక్యుమెంటు. అది ఇస్తే ఈసీ. అది ఇస్తే మార్కెట్ విలువ సర్టిఫికెట్. అన్నీ ఇచ్చాక మొదటిది కనిపించడం లేదు, మళ్ళీ అప్‌లోడ్ చెయ్యండి. ఒకసారి నా ముందే జరిగింది.

“సారూ, అయితదా కాదా, అదొక్కటి చెప్పుండ్రి సాలు” అంది అక్క.

“నేనెట్ల చెప్తనమ్మా? ఫైలు నా లాగిన్‌ల లేదు. పై సార్ లాగిన్‌ల ఉంది.”

“పై సారు ఏడున్నరు?”

“సైటు మీదికి పోయిండ్రు.”

టౌన్ ప్లానింగ్ పై సార్లు ఎప్పుడూ సైటు మీదే ఉంటారు. ఏ సైటో మాకు తెలియదు, మా సైటు మీదికైతే ఇంతవరకు రాలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, “తమ్మీ, కాదన్నా మంచిగుండు రా. పిల్లగాని పెండ్లికన్న అమ్ముకుందు” అంది. నేను చదువుకున్నవాణ్ణి కదా, సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాను. ‘సంబంధిత విభాగానికి బదిలీ చేశాం’ అని జవాబు వచ్చింది. సంబంధిత విభాగం అంటే మేము వెళ్ళొచ్చిన ఆ గదే.

ఈలోగా అదే వీధిలో అనుమతి అడగకుండానే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళున్నారు. రాత్రికి రాత్రి పిల్లర్లు లేపారు. శని, ఆదివారాల్లో స్లాబు వేశారు. ఎవరో వచ్చారు, ఏదో మాట్లాడుకున్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళకు కరెంటు మీటరు ఉంది. ఇంటి నంబరు ఉంది. అనధికార కట్టడమని జరిమానాతో కలిపి ఇంటి పన్ను వస్తుంది, కడుతున్నారు. నేరం అంటూనే నేరానికి రశీదు ఇచ్చే ఏర్పాటు మనది. నియమం ప్రకారం పోదామని ఆగినదానికి ఇన్నేళ్ళుగా అద్దె. అడగనివాళ్ళు గృహప్రవేశాలు చేసుకున్నారు. మున్సిపల్ ఆఫీసు ఈ జనానికి నేర్పుతున్న పాఠం ఇంతకంటే స్పష్టంగా ఏ పుస్తకంలోనూ ఉండదు.

నువ్వూ కట్టేసుకో అక్కా అనాలనిపిస్తుంది. అనలేను. 2019 మున్సిపల్ చట్టం అక్రమ కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఇచ్చింది. కూల్చే ముందు కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది గానీ, జేసీబీ వీధిలోకి వచ్చిన పొద్దున్నే తీర్పు కాపీ పట్టుకుని ఎదురు నిలబడగలిగేది ఎవరు? బంజారాహిల్స్‌లో నిలబడతారు. ఇక్కడ కాదు.

నిబంధనలే వద్దని నేను అనడం లేదు. సందులోకి ఫైరింజన్ రావాలి. చెరువు చెరువుగా ఉండాలి. 2020 వానల్లో చెరువుల్లో కట్టిన కాలనీలకు ఏమైందో చూశాం. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక చెరువు శిఖం భూముల్లో కూలిన గోడలూ చూశాం. అక్క నేల చెరువులో లేదు, నాలా మీద లేదు, సర్కారు భూమి కాదు. ఎవరో కాగితం మీద పూసిన రంగులో ఉంది. ఆ రంగు తప్పో ఒప్పో ఎవరైనా ఒకసారి వచ్చి చూసి చెప్పాలి. ఒప్పయితే నేల తీసుకుని పార్కు కట్టాలి, డబ్బివ్వాలి. తప్పయితే తుడిచెయ్యాలి. రంగు తుడవడం మన వాళ్ళకు చేతకాదా? 2006లో 86 జీవోతో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితినే తీసేశారు. ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న లెక్క పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ సరిపోతే ఎంత ఎత్తుకైనా వెళ్ళొచ్చు. అందుకే కోకాపేట పక్కన యాభై అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. పెద్దవాళ్ళ కోసం నిబంధన ఆకాశమంత సాగింది. అరవై గజాల కోసం ఒక మనిషి కుర్చీలోంచి లేవడం లేదు.

ఇంకొకటి మర్చిపోకూడదు. మా వీధి చివరాయన 2025లో రాయితీ ఉందని అప్పు చేసి ఫీజు మొత్తం కట్టేశాడు. తర్వాత ఆయనదీ ఆకుపచ్చే అని తేలింది. తిరస్కరించిన దరఖాస్తులకు డబ్బు వెనక్కిస్తామని ఉత్తర్వులో ఉంది. పది శాతం కోసుకుని. ప్రాసెసింగ్ చార్జీలట! ఇవ్వలేనిదానికి డబ్బు కట్టించుకున్నది వాళ్ళు. మ్యాపు వాళ్ళది, కంప్యూటరు వాళ్ళది, ఆ సర్వే నంబరు ఏ రంగులో ఉందో ఫీజు కాగితం పంపే ముందే తెలిసినవాళ్ళు వాళ్ళు. అయినా కాదని చెప్పినందుకు కూలి మనమే ఇవ్వాలి.

పురపాలక శాఖకు నేను అడిగేది పెద్దదేమీ కాదు. టవర్లకు పెట్టిన 21 రోజులే అరవై గజాలకూ పెట్టండి. అంత కష్టమైతే 90 రోజులు పెట్టండి. ఆ రోజుకు తేల్చకపోతే ఒప్పుకున్నట్టే అని అదే చట్టంలో ఒక వాక్యం చేర్చండి. కాదంటే ఎందుకు కాదో, ఏ నిబంధన కిందో రాసి, కింద సంతకం పెట్టి, సంతకం కింద పేరు రాయండి. తీసుకున్న డబ్బు వడ్డీతో సహా వెనక్కివ్వండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఫొటో తీసే ముందు, ఆ సర్వే నంబరు మీద ఏ రంగు ఉందో కొనేవాళ్ళకు చదివి వినిపించండి. ఆ ఒక్క పని చేస్తే అనధికార లేఔట్లు సగం వాటంతటవే ఆగిపోతాయి. ఆగితే మాత్రం నాలుగో ఎల్‌ఆర్‌ఎస్ పెట్టుకునే దారి ఉండదు, ఖజానాకు అదొక్కటే నష్టం.

ఇది చదువుతున్నవాళ్ళలో ఆ పాతిక లక్షల దరఖాస్తుల వాళ్ళు చాలామందే ఉంటారు. మీ ఫైలు ఏ లాగిన్‌లో ఉందని అడగడం మానేద్దాం. అవునో కాదో రాసిమ్మని అడుగుదాం. ఒక్కొక్కరం పోయి కౌంటరు ముందు నిలబడితే లాభం లేదు. వీధివారీగా పోదాం, ఒకే రోజు పోదాం, వార్డులో ఓట్లడగడానికి వచ్చే ప్రతివాడినీ ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి అప్పుడు చెయ్యెత్తి దండం పెట్టమందాం.